ఎస్టిమేట్‌లో సున్నం అని రాయండి: పాత కట్టడాల మరమ్మతులు చూసే ఇంజినీర్లకు బహిరంగ లేఖ

పాత గుళ్లు, కోటలు, బురుజులు, గడీలు, మెట్ల బావుల మరమ్మతులకు ఎస్టిమేట్లు రాసే ఇంజినీర్లకు. దేవాదాయ, వారసత్వ, పురపాలక, పంచాయతీరాజ్ శాఖల్లో ఆ కాగితాల మీద సంతకాలు పెట్టే పెద్దలకు,

నమస్కారం.

మా నాన్న సున్నం మేస్త్రి. మా తాతదీ అదే పని. నేను ఆ పని పూర్తిగా నేర్చుకోలేదు. చదువుకొని వేరే ఉద్యోగంలో పడ్డాను. కానీ చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నాన్న వెంట వెళ్లి బెల్లం నీళ్లు మోసినవాణ్ని, గచ్చు (గోడకు పూసే సున్నపు పూత) మీద తడి గోనెసంచులు కప్పినవాణ్ని. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాలుగేళ్ల కింద మా ఊరి శివాలయంలో పాత వంటశాలకు మరమ్మతు మంజూరైంది. ఊరంతా సంబరపడ్డాం. ఇటుక గోడలు, పైన మిద్దె, అంతా సున్నంతో కట్టింది. అక్కడక్కడా గచ్చు ఉబ్బి, కొన్నిచోట్ల ఊడిపోయి ఉండేది. కాంట్రాక్టర్ పని ఎగ్గొట్టలేదు, మెటీరియల్ తగ్గించలేదు. పాత గచ్చు మొత్తం గీకించి, గోడంతా సిమెంటు గిలాబు (ప్లాస్టరింగ్) చేయించి, పైన తెల్లరంగు వేయించి, గడువులోపే అప్పజెప్పాడు. కాగితంలో ఏం రాసి ఉందో అదే చేశాడు. ప్రారంభోత్సవం రోజు నాన్న గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చేశాడు.

మొన్న వానలు తగ్గాక నేను వెళ్లి చూశాను. గోడ మీద నేల నుంచి నడుమెత్తు దాకా చెమ్మ. పాత గోడకు ఆ చెమ్మ మోకాలు దాటేది కాదు. వేళ్లతో తడితే లోపల బోలుగా మోగింది. పెచ్చు అంచు పట్టి లాగితే అరచేతంత ముక్క ఊడి వచ్చింది. దాన్ని తిప్పి చూస్తే వెనకంతా ఎర్రటి పొర అంటుకొని ఉంది. అది ఇటుక. సిమెంటు ఒక్కటే ఊడలేదు, ఇటుక ముఖాన్ని కూడా పట్టుకొని వచ్చింది. గోడలో మిగిలిన ఇటుకను గోటితో గీరితే పిండిలా రాలింది, మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది. తాత ముత్తాతల కాలం నుంచి వానలకు తట్టుకున్న ఇటుక, మనం బాగు చేసిన నాలుగేళ్లకే అలా అయింది.

ఇది ఎందుకు జరిగిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీరు ఇంజినీరింగ్ చదివినవాళ్లు. అయినా, మీరు చదువుకున్న పుస్తకాల్లో ఎక్కువ భాగం కొత్త భవనాల గురించే ఉంటుంది కాబట్టి నాలుగు మాటలు చెప్పనివ్వండి.

పాత గోడలకు పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గచ్చు ఆ తడిని ఆపదు, బయటికి వదిలేస్తుంది. ఎండకు ఆరిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ ఆరుతుంది. మా నాన్న మాటల్లో చెప్పాలంటే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. దాని మీద సిమెంటు వేస్తే తడికి బయటికి దారి దొరకదు. దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. నేలలోంచి వచ్చిన ఉప్పులకు సిమెంటులోని లవణాలు కూడా తోడై, గిలాబు వెనక ఇటుకలోనే గడ్డకడతాయి. గడ్డకట్టినప్పుడల్లా ఇటుకను లోపల్నుంచి పగలగొడతాయి. ఊళ్లో వాళ్లు దాన్ని చౌడు ఎక్కిందంటారు.

ఇంకొకటి, గట్టిదనం. పాత ఇటుక మెత్తన, దాన్ని పట్టుకున్న సున్నం ఇంకా మెత్తన. నేల కాస్త కుంగినా, ఎండకు గోడ కాస్త వ్యాకోచించినా ఆ కదలికను సున్నం తన మీద వేసుకుంటుంది. బీట వస్తే ఇటుకల మధ్య సందులో వస్తుంది, సందు మళ్లీ పూడ్చుకోవచ్చు. సిమెంటు ఇటుక కంటే గట్టిది, కదలదు. అప్పుడు బీట ఇటుకలోంచి, రాతిలోంచి పోతుంది. గోడలో ముందు అరిగేది గారే (సున్నం, ఇసుక కలిపిన ముద్దే) కావాలి, ఇటుక కాకూడదు. ఏ తరంలోనైనా గారను మళ్లీ చేసుకోగలం. ఆ ఇటుకను, ఆ చెక్కిన రాతిని ఎక్కణ్నుంచి తెస్తాం?

సిమెంటు మీద నాకు కోపం లేదు. నేను ఉంటున్నది సిమెంటు ఇంట్లోనే. కొత్త కట్టడానికి అది సరైనదే. కానీ ఇప్పుడు మనం వాడుతున్న పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నది 1824లో. చార్మినార్ కట్టింది 1591లో. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. వీటిలో ఏ ఒక్కటీ సిమెంటును ఎరిగి కట్టింది కాదు. చార్మినార్ లాంటి సున్నపు కట్టడాల గోడ మందం, గుమ్మటం వంపు, పునాది, అన్నీ మెత్తగా ఉండి కదలికను ఓర్చుకునే గారకు లెక్క వేసుకొని కట్టినవే.

"సున్నానికి బలం ఉండదు కదండీ" అని ఒక యువ ఇంజినీరు నాతో అన్నారు. మంచి మనసుతోనే అడిగారు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలను ఒకసారి తలెత్తి చూడమని చెప్పాను. లోపల ఇనుప చువ్వ లేదు, కాంక్రీటు లేదు. నాలుగు వందల ఏళ్లుగా నిలబడ్డాయి.

ఆ సమాధుల దగ్గర జరిగిన పనిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2013లో మొదలుపెట్టింది, 2024లో పూర్తి చేసింది. అక్కడ చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 20వ శతాబ్దంలో మరమ్మతు పేరుతో వేసిన సిమెంటు పొరలను జాగ్రత్తగా ఊడదీయడం. ముందు తరం వాళ్లు మంచి చేస్తున్నామనుకొని వేసినదాన్ని తీసేయడానికే ఎంతో డబ్బు, ఎన్నో పనిదినాలు పోయాయి. తర్వాత మళ్లీ సున్నపు గచ్చు వేశారు. వానలకు కూలిన పెద్ద బావిని కూడా సున్నంతో, రాతితోనే తిరిగి కట్టారు. అక్కడి మెట్ల బావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో చోటు దక్కింది. అదే ఏడాది మా కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు కూడా దక్కింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు 2010లోనే వచ్చింది. అంటే సున్నంతో పని చేయడం మన దగ్గర ఎవరికీ రాదు అన్నది నిజం కాదు. మన మేస్త్రులు, మన కూలీలు, మన ఎండల్లోనే చేసి చూపించారు.

కానీ అవన్నీ పేరున్న కట్టడాలు. వాటికి నిపుణులు దొరుకుతారు, నిధులు దొరుకుతాయి. నా బాధంతా పేరు లేని వాటి గురించి. ఊరి గుడి వంటశాల, చెరువు కట్ట మీద మండపం, కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న బురుజు, పాత తాలూకా కచేరీ. వాటి తలరాత రాసేది ఏ పెద్ద సంస్థా కాదు. మీ టేబుల్ మీది ఎస్టిమేట్. అందులో ఒక్క లైను, "సిమెంటు గిలాబు, ఇంత మందం, ఇన్ని చదరపు మీటర్లు". ఆ లైను పడ్డాక ఇక మేస్త్రి చేతిలో ఏమీ లేదు, కాంట్రాక్టర్ చేతిలోనూ లేదు.

ఆ లైను ఎందుకు పడుతుందో నాకు తెలుసు. సిమెంటు పనికి రేటు రెడీగా ఉంటుంది. సున్నం పనికి రేటు కట్టాలంటే విడిగా లెక్క వేయాలి, పైవాళ్లను ఒప్పించాలి, రేపు ఆడిట్‌లో ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాలి. ఆ టెన్షన్ ఎందుకని సిమెంటు రాసేస్తారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. కానీ దారి ఉంది. సున్నానికి మన దేశంలో ప్రమాణాలే లేవన్నట్టు మాట్లాడతారు, ఉన్నాయి. ఐఎస్ 712 పూర్తిగా భవన నిర్మాణ సున్నాల గురించే. సున్నాన్ని పని దగ్గరే ఎలా తడపాలో, ముద్ద ఎలా చేయాలో చెప్పడానికి ఐఎస్ 1635 ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2014లో తెచ్చిన జాతీయ సంరక్షణ విధానం కూడా సంప్రదాయ పనివాళ్ల నైపుణ్యాన్ని వాడుకోవాలని చెబుతుంది. ఈ కాగితాలను ఎస్టిమేట్‌కు జతచేస్తే ఆడిట్ ముందు మీరు ఒంటరిగా నిలబడాల్సిన పని ఉండదు.

సున్నం అని రాస్తే సరిపోతుందా అంటే అదీ సరిపోదు. ఒకచోట ఎస్టిమేట్‌లో సున్నం అని ఉంది, తీరా చూస్తే వెల్లవేసే పొడి సున్నం బస్తాలు తెచ్చి, పట్టుకోవడానికి సగానికి సగం సిమెంటు కలిపి పూశారు. రంగుకు సున్నంలా ఉంది, గుణానికి సిమెంటు. కాబట్టి సున్నం అంటే ఏమిటో కూడా రాయాలి. మా ఇంట్లో దాన్ని ఎలా చేసేవాళ్లో చెబుతాను.

బట్టీలో కాల్చిన సున్నపురాయిని తొట్టిలో నీళ్లు పోసి వేస్తే కుతకుత ఉడుకుతుంది. ఆ పొగ దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు, కళ్లు పోతాయని. చల్లారాక జల్లెడ పట్టి, గుంటలో పోసి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా ఉంచి వదిలేసేవాళ్లు. వారాలు, వీలైతే నెలలు. ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. లోపల ఉడకని పలుకు ఒక్కటి మిగిలినా, గోడ మీద పూశాక ఎప్పుడో తడి తగిలి అప్పుడు ఉబ్బుతుంది, అక్కడ గచ్చు పొక్కులా లేచి ఊడుతుంది. నానబెట్టడం చాదస్తం కాదు, ఆ పలుకులు చావడానికే.

తర్వాత గానుగ. గుండ్రటి రాతి కాలువ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్లు ఇసుక, ఇటుక పొడి వేసి పొద్దంతా తిప్పేవాళ్లు. అలా డంగిన సున్నాన్నే మా వైపు డంగు సున్నం అంటారు. ఇటుక పొడి ఊరికే రంగు కోసం కాదు. అది సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడే గుణం ఇస్తుంది, అందుకే బావులకు, నీటి తొట్లకు ఎక్కువ వాడేవాళ్లు. ఇక కుండల్లో కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం వేసి నానబెట్టిన నీళ్లు. ఆ పులిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు నాన్న గుర్తొస్తాడు. బెల్లం వల్ల సున్నం నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది, మెత్తగా పరుచుకుంటుంది. నున్నటి పై పూతకైతే మినుముల జిగురు కూడా కలిపేవాళ్లు. ముద్ద తయారైందో లేదో చూడటానికి నాన్న తాపీ మీద కొంచెం తీసుకొని తలకిందులుగా తిప్పేవాడు. జారిపడితే మళ్లీ గానుగలోకే. పడకుండా అంటుకొని ఉంటే అప్పుడు గోడ దగ్గరికి.

ఈరోజు ఎద్దులతోనే తిప్పమని నేను అనను. కరెంటు మోటారుతో తిరిగే గానుగ మరలు ఉన్నాయి, పని బాగానే అవుతుంది. తగ్గించకూడనిది నానబెట్టే కాలం, డంగే కాలం, పూత పూతకు మధ్య ఆరే కాలం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది. తొందరపెడితే మారదు. అందుకే పలచటి పూతలుగా వేస్తారు, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పుతారు.

మీ టెండర్ గడువులు సిమెంటు కాలంతో లెక్క కట్టినవి. నిధులు ఆలస్యంగా విడుదలవుతాయి, మార్చి 31 లోపు బిల్లు పెట్టాలంటారు. అంటే ఫిబ్రవరి, మార్చి ఎండల్లో, నెలన్నరలో పని అయిపోవాలి. ఆ ఎండకు సున్నం పైన ఎండిపోయి లోపల పచ్చిగా ఉంటుంది, నెల తిరక్కుండానే పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు అందరూ అంటారు, చూశారా సున్నం పనికిరాదని. తప్పు సున్నానిది కాదు, క్యాలెండర్‌ది. ఎండాకాలంలో సున్నం నానబెట్టి, వానలు తగ్గాక దసరా నుంచి సంక్రాంతి మధ్య పూత వేసేలా పని పెట్టండి. రెండు ఆర్థిక సంవత్సరాలకు నడిచేలా మంజూరు చేయడం మీ పైఅధికారుల చేతుల్లో ఉన్న పని, అసాధ్యమేమీ కాదు.

కాలం పట్టడం వేరు, పని ఆగిపోవడం వేరు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో విప్పితే, 2024 మార్చిలో తిరిగి ప్రారంభమైంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. రాళ్లను తిరిగి నిలబెట్టిన శిల్పుల చేతికి నేను దండం పెడతాను. కానీ అలాంటి పనికి తమిళనాడు నుంచి శిల్పుల్ని పిలిపించుకోవాల్సి వచ్చింది. కాకతీయులు రాయిని మైనంలా చెక్కించిన నేల మీద మనకు ఆ పరిస్థితి వచ్చింది.

మేస్త్రుల సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మా నాన్న గచ్చు మీద గుండ్రాయితో రుద్దుతూ మెరుగు పెట్టేవాడు. ఎంతసేపు రుద్దాలో, ఎప్పుడు ఆపాలో ఆయన వేళ్లకే తెలుసు. ఆయనకు కట్టిన కూలి, మామూలు గిలాబు చేసేవాళ్లకు కట్టిన కూలి ఒకటే. ఒకరు రోజుకు పెద్ద గోడ ముగిస్తారు, ఈయన మంచమంత జాగా. ఏ కాంట్రాక్టర్ పెట్టుకుంటాడు? చివరి ఇరవై ఏళ్లు నాన్న కూడా సిమెంటు పనే చేశాడు. నన్ను ఆ పనిలోకి రానివ్వకపోవడానికి కారణం అదే. "ఇందులో గౌరవం పోయింది బిడ్డా, నువ్వు చదువుకో" అన్నాడు. ఆయనతో పనిచేసిన నలుగురిలో ఇద్దరు చనిపోయారు. వాళ్ల పిల్లలు ఒకరు ఆటో నడుపుతున్నారు, ఒకరు దుబాయిలో ఉన్నారు.

కాబట్టి ఎస్టిమేట్‌లో సున్నపు పనికి విడిగా మేస్త్రి రేటు కట్టండి, ఆయన రోజుకు నిజంగా ఎంత జాగా చేయగలడో అడిగి కట్టండి. టెండర్ అర్హతలో కంపెనీ టర్నోవర్ ఎంతన్నది చూసినట్టే, దాని దగ్గర సున్నం తెలిసిన మేస్త్రి ఉన్నాడా లేడా చూడండి. రోడ్లు వేసిన అనుభవంతో బురుజు మరమ్మతు రాదు. మొత్తం గోడ ముట్టుకునే ముందు ఒక మూల మీటరు జాగాలో నమూనా పూత వేయించి, అది ఆరి, ఒక వాన తిన్నాక చూసి అప్పుడు మిగతాది మొదలుపెట్టించండి. మాదాపూర్‌లో న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) లాంటి చోట్ల తాపీ పని, ప్లంబింగ్ నేర్పుతున్నారు. సున్నపు పనికీ ఒక బ్యాచ్ నడిపించి, మిగిలి ఉన్న పెద్ద మేస్త్రులను గురువులుగా కూర్చోబెట్టండి. జీతం ఇచ్చి, కుర్చీ వేసి.

గుడి కమిటీల పెద్దలకు కూడా ఒక్క మాట. రాతి స్తంభాలకు, విగ్రహాలకు ఆయిల్ పెయింట్ వేయించకండి. ఉన్న రంగు తీయాలని మెషిన్‌తో ఇసుక కొట్టించకండి. రంగుతో పాటు శిల్పి ఉలి తిప్పిన గీత కూడా పోతుంది. ముక్కు మొద్దుబారిన ద్వారపాలకుణ్ని ఎన్ని లక్షలు పెట్టినా పదును చేయలేం.

మా ఊరి వంటశాల గోడకు ఇంకా సమయం ఉంది. సిమెంటును సుత్తితో కొట్టకుండా ఉలితో నెమ్మదిగా ఊడదీసి, ఒక ఎండాకాలం ఇటుకను ఆరనిచ్చి, ఉప్పును తుడిచి, అప్పుడు గచ్చు వేస్తే బతుకుతుందని నాన్న అంటున్నాడు. ఆయనకు 74 ఏళ్లు. పరంజా ఎక్కలేడు, కింద కూర్చొని చెప్పగలడు. తాత వాడిన గానుగ చక్రం మా పశువుల కొట్టం పక్కన సగం మట్టిలో కూరుకొని ఉంది, పగుళ్లు లేవు. ఉగాదికల్లా సున్నం తడిపితే దసరా నాటికి ముద్ద తయారుగా ఉంటుంది. ఎస్టిమేట్ తిరిగి రాయడానికి మీలో ఎవరు వచ్చినా గుడి దగ్గర నేనుంటాను, ఆ పెచ్చు కూడా దాచిపెట్టాను, చూపిస్తాను.

ఇట్లు,
ఒక సున్నం మేస్త్రి కొడుకు
కామారెడ్డి జిల్లా